హాలుకి ఏ రంగు? చీటీ ఇప్పుడే పాడాలా?

ప్రశ్న: మాది పాలకొల్లు. సంక్రాంతికి కొత్త అల్లుడు వస్తున్నాడు. ఈలోగా హాలుకి రంగు వేయించాలి. హాలు 12 బై 16, ఎత్తు 10 అడుగులు, పడమటి వైపు కిటికీ ఉంది. మీగడ రంగు, బిస్కెట్ రంగు, గంధం రంగు చూశాం. మూడూ ఒకేలా ఉన్నాయి, తేల్చుకోలేకపోతున్నాం. మేస్త్రీ మాత్రం మూడింటికీ మూడు రేట్లు చెప్పాడు: అడుక్కి 18, 24, 34 రూపాయలు. షాపులో అడిగితే మూడు రకాల పెయింట్ లీటరుకి 260, 420, 620 అన్నారు. ఖరీదైనదే మంచిదా? లక్ష రూపాయల చీటీ ఉంది, 20 నెలలది, 8 కట్టాం. దాన్ని పాడేద్దామనుకుంటున్నాను. పోయిన నెల పాట 14,000 దగ్గర ఆగింది. కమీషన్ 5 శాతం. బ్యాంకులో 2 లక్షల ఎఫ్‌డీ ఉంది కానీ మావారు దాన్ని ముట్టుకోవద్దంటున్నారు. అన్నట్టు, పడమటి గోడ కింద పెచ్చులు లేస్తున్నాయి.

జవాబు: నమస్కారం అమ్మా. మీ మేస్త్రీ రెండు వేరే సంగతుల్ని ఒక ముడి వేశాడు. షేడ్ వేరు, పెయింట్ రకం వేరు. షాపులో మిషన్ తెల్లటి బేస్‌లో నాలుగు చుక్కల రంగు కలుపుతుంది. ఇలాంటి లేత రంగులన్నిటికీ దాదాపు అదే బేస్. అందుకే ఒకే రకం ఎమల్షన్‌లో (నీళ్లు కలిపి వేసే గోడ పెయింట్) మీగడకీ గంధానికీ ధర తేడా ఉంటే లీటరుకి ఏవో కొద్ది రూపాయలు. మేస్త్రీ గంధాన్ని ఖరీదైన రకంలోనూ మీగడని చవక రకంలోనూ చెప్పాడు, అంతే. మీకు గంధమే నచ్చితే మధ్యరకంలోనే కలిపించుకోవచ్చు.

ఇక లెక్క. మీ హాలు 12 బై 16, ఎత్తు 10 అడుగులన్నారు. గోడలు 560 చదరపు అడుగులు, సీలింగ్ 192, మొత్తం 752. మేస్త్రీ రేట్లతో వేస్తే సుమారుగా 13,500, 18,000, 25,500 అవుతాయి. పై రేటుకీ కింది రేటుకీ తేడా 12,000. సీలింగ్‌కి ఎలాగూ తెల్లరంగే అనుకుందాం. తలుపులు, కిటికీలు పోతే షేడ్ పడే గోడ 480 అడుగులు. లీటరు రెండు కోటింగులకి 120 అడుగులు వస్తుందనుకుంటే 4 లీటర్లు చాలు. మీరు షాపులో అడిగి రాసిన ధరలు లీటరుకి 260, 420, 620. నాలుగు లీటర్ల మీద అన్నిటికంటే చవకదానికీ ఖరీదైనదానికీ తేడా 1,440 రూపాయలు!

మరి మిగతా 10,500 దేనికి? కొత్తగా రెండు చేతుల లప్పం, ప్రైమర్ కలిపి చెప్పాడేమో అడగండి. అలా అయితే న్యాయమే. లేకపోతే లేబర్ వేరుగా మాట్లాడుకుని, పెయింట్ మీరే బిల్లుతో కొనుక్కోండి. డబ్బాలతో పాటు పెయింటర్లకి టోకెన్లు, పాయింట్లు ఇచ్చే అలవాటు ఈ వ్యాపారంలో పాతదే. మేస్త్రీ ఒకే బ్రాండు మీద పట్టుబడితే ఆ సంగతి గుర్తుంచుకోండి. పాపం, అందులో ఆయన తప్పేం లేదు. తలుపులు, కిటికీల 80 అడుగుల్లో కనీసం సగమైనా కొలతలోంచి తీయమనండి. 24 రూపాయల రేటులో అది 960.

నేను మధ్యరకమే తీసుకుంటాను. గోడ మీద చెయ్యి మరక పడితే తడిగుడ్డతో తుడవచ్చు, చవకదాన్ని అలా తుడిస్తే రంగే ఊడవచ్చు. అయితే మీ ఉత్తరం చివర్లో ఒక్క ముక్క రాసి వదిలేశారు, పడమటి గోడ కింద పెచ్చులు లేస్తున్నాయని. అసలు ఖర్చు పెట్టాల్సింది అక్కడమ్మా. చెమ్మ ఎక్కడినుంచి వస్తోందో చూడకుండా పైన 620 రూపాయల రంగు వేసినా ఏడాది తిరక్కుండా మళ్లీ లేస్తుంది. బయటి గోడ బీటా, బాత్రూం పైపా, నేల చెమ్మా అన్నది ముందు చూపించండి. పెచ్చులు గీకించి, గోడ బాగా ఆరనివ్వండి. కోస్తాలో నవంబరు వానలు తెలిసినవే కదా, రంగు డిసెంబరులో పెట్టుకోండి. పండగ దగ్గరపడితే మేస్త్రీలు దొరకరు, దొరికినా బేరం ఉండదు. అందుకని మనిషిని మాత్రం ఇప్పుడే మాట్లాడి ఉంచండి.

షేడ్ సంగతి. మా ఇంట్లో నేనే ఈ దెబ్బ తిన్నాను. షాపులో ట్యూబులైటు కింద, చేతిలో పట్టేంత కార్డు మీద చూసి ఒక బిస్కెట్ రంగు ఎంచుకున్నాను. గోడెక్కాక అది గులాబీ రంగు. మా ఆవిడ మూడు రోజులు ఏమీ అనలేదు, అదే ఎక్కువ భయపెట్టింది. కలిపిన రంగుని షాపు వెనక్కి తీసుకోదు. గది మొత్తానికి రెండోసారి మేస్త్రీని పిలవాల్సొచ్చింది.

కాబట్టి మూడు షేడ్లూ మధ్యరకంలో లీటరు చొప్పున కలిపించండి, 1,260 అవుతుంది. చిన్న శాంపిల్ డబ్బాలు దొరికితే ఇంకా మంచిది. రెండేసి అడుగుల అట్టముక్కల మీద రెండు కోటింగులు వేసి ఆరాక, పక్కన తెల్ల కాగితం పెట్టి చూడండి. ఏది పసుపుకి పోతోందో, ఏది గులాబీకి, ఏది ఆకుపచ్చకి పోతోందో అప్పుడు తెలుస్తుంది. మీ నేల టైల్స్ పక్కన పెట్టి చూడండి. పొద్దున ఒకసారి, సాయంత్రం నాలుక్కి ఒకసారి, రాత్రి మీ ఇంటి లైట్ల కింద ఒకసారి. మీకు పడమటి కిటికీ ఉంది కాబట్టి గంధం సాయంత్రాలు బాగా పసుపెక్కవచ్చు. కార్డు మీదకంటే గోడ మీద రంగు గాఢంగా కనిపించవచ్చు, సందేహముంటే లేతదానివైపు మొగ్గండి. నచ్చిన లీటరు ఎలాగూ గోడకే పోతుంది, మిగిలిన రెండూ కలిపి సామాన్ల గదికి వేయించండి. మూత మీది షేడ్ కోడ్ ఫొటో తీసి ఉంచుకోండి.

ఇప్పుడు చీటీ. ఆఖరు దాకా ఆగితే మీకు పోయేది కమీషన్ 5,000. ఇప్పుడు 14,000కి పాడితే (కమీషన్ ఇందులోనే) చేతికి 86,000 వస్తుంది, అంటే 9,000 అదనంగా పోతుంది. రంగుకి 18,000 తీసి మిగతా 68,000 ఏడాదికి 7 శాతం మీద వేసినా వచ్చేది 4,760. నికరంగా 18,000 కోసం 4,240 వదులుకున్నట్టు, దాదాపు 24 శాతం వడ్డీ. సంక్రాంతి ముందు పాట ఇంకా పైకి పోవచ్చు కూడా.

మీవారి మాట కూడా నిలబడే దారి ఒకటుంది. ఎఫ్‌డీ పగలగొట్టకుండా దాని మీద ఓవర్‌డ్రాఫ్ట్ అడగండి, అంటే ఎఫ్‌డీ హామీగా బ్యాంకు ఇచ్చే అప్పు. మామూలుగా ఎఫ్‌డీ వడ్డీకి ఒకటి, రెండు శాతం ఎక్కువ వేస్తారు. 8 శాతమనుకుంటే 18,000కి ఏడాది పొడుగునా 1,440. నెలకి 3,000 చొప్పున తీరిస్తే ఆరు నెలల్లో తీరిపోతుంది, వడ్డీ 500 దాటదు. ఎఫ్‌డీకి వడ్డీ ఎప్పట్లాగే వస్తుంది.

ఈ నెల చీటీ పాటకి వెళ్లినా నోరు విప్పకండి. చెమ్మకి ఎంతవుతుందో తేలాక ఆ అంకె నాకు రాయండి.