సమాధానం: క్రిస్మస్ సెలవుల్లో మ్యూనిక్‌లో ఒంటరిగా ఉండాలా?

రూమ్మేట్లంతా వెళ్లిపోతున్నారు, సెలవులన్నీ ఒక్కడినే ఎలా గడపాలి అని అడిగావు కదా తమ్ముడూ. టెన్షన్ పడకు. వేరే ఊళ్లలో చదువుతున్న మనవాళ్లకు ఈరోజే ఫోన్ చెయ్యి. వాళ్లలోనూ చాలామంది ఎవరైనా పిలిస్తే బాగుండని చూస్తుంటారు, మొహమాటపడకు. డాయిచ్‌లాండ్ టికెట్ (జర్మనీ అంతటా లోకల్, రీజినల్ రైళ్లలో, బస్సుల్లో చెల్లే నెలవారీ పాస్) ఉంటే న్యూరెంబర్గ్ దాకా రీజినల్ రైళ్లలో విడిగా టికెట్ కొనకుండా వెళ్లొచ్చు. ఐసీఈ అనే హైస్పీడ్ రైళ్లలో మాత్రం అది చెల్లదు. అక్కడి క్రిస్మస్ మార్కెట్ 24తో అయిపోతుంది కాబట్టి ముందే వెళ్లు.

సరుకులు 23కే తెచ్చుకో. 24 మధ్యాహ్నానికి షాపులు మూసేస్తారు, 25, 26 పూర్తి సెలవు. మరీ అవసరమైతే పెద్ద రైల్వే స్టేషన్లో ఏదో ఒక దుకాణం తెరిచి ఉంటుంది.

31 రాత్రికి అందరినీ నీ గదికే పిలువు. తలా ఒక వంట చేయండి. పులిహోర నీ వంతు.