బెంగళూరు ఎమర్జెన్సీలో కొత్తగా చేరిన మనవాళ్లకు

మదనపల్లె, కదిరి, హిందూపురం, పలమనేరు వైపు నుంచి నర్సింగ్ చదువుకుని బెంగళూరు వచ్చే పిల్లలు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "అక్కా, నన్ను ఎమర్జెన్సీలో వేశారు. పనికి భయపడను గానీ, డ్యూటీ మొత్తం ఎవరో ఒకరి చేత మాటలు పడటమే సరిపోతోంది. వార్డుకు మార్చమని అడగనా?" ఎంబీబీఎస్ అయ్యి డ్యూటీ డాక్టర్లుగా చేరిన తమ్ముళ్లదీ ఇదే బాధ. వాళ్లు మాత్రం మానేసి పీజీకి కూర్చుంటామంటారు.

నాది చిత్తూరు జిల్లా. పెళ్లికి ముందే ఇక్కడికొచ్చి స్థిరపడిపోయాను. మొదటినుంచీ ఎమర్జెన్సీలోనే పని, ఇప్పుడు ఇన్‌చార్జ్‌ని. మారాలా వద్దా అన్నది తర్వాత చూద్దాం. ముందు ఆ కోపం ఎక్కడ పుడుతోందో కనిపెట్టండి. మీ ఎదురుగా నిలబడి అరిచే మనిషి దగ్గర అది పుట్టడం లేదు. చాలాసార్లు అది పై అంతస్తుల్లో పుట్టి, మెట్లు దిగి మీ దగ్గరికొస్తుంది.

పొద్దున రౌండ్స్‌లో పెద్ద డాక్టరు "ఈరోజు డిశ్చార్జ్" అని రాస్తారు. డిశ్చార్జ్ సమ్మరీ తయారయ్యేసరికి మధ్యాహ్నం అవుతుంది. మిగిలిన మందులు ఫార్మసీకి వెనక్కి పోవాలి, బిల్లు తేలాలి, ఇన్సూరెన్స్ ఉంటే టీపీఏ (బీమా కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థ) నుంచి ఆమోదం రావాలి. డిశ్చార్జ్ ఆమోదం 3 గంటల్లో ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ 2024 మేలో ఆదేశించింది. కానీ ఆసుపత్రి కాగితాలు పంపడంలోనే ఆలస్యం చేస్తే ఆ గడియారం మొదలే కాదు. అన్నీ అయ్యాక మంచం శుభ్రం చేయాలి. ఇంతలో సాయంత్రం. పొద్దున్నే అడ్మిషన్ రాసిన రోగి అప్పటిదాకా ఎమర్జెన్సీలోనే ఉంటాడు. అలాంటివాళ్లు నలుగురైదుగురు చేరితే, రాత్రి 8 గంటలకు వచ్చే 108 అంబులెన్సుకు మంచం ఉండదు. అంబులెన్సు స్ట్రెచర్ కూడా మన దగ్గరే ఇరుక్కుపోతుంది, ఆ బండి ఇంకో పిలుపుకు వెళ్లలేదు.

వెంటిలేటర్ మీదున్న మనిషికి ఒక నర్సు ఉండాలన్నది ఐసీయూ పద్ధతి. అదే మనిషి ఐసీయూలో మంచం దొరక్క ఎమర్జెన్సీలో ఉండిపోతే, ఆ నర్సుకే ఇంకో అయిదుగురిని కూడా అప్పజెబుతారు. మీరు నిస్సహాయంగా మిగిలేది ఇక్కడే. మీకు పని రాక కాదు, ఆ పని ఒక్కరు చేయగలిగింది కాదు. ఈ తేడా తెలియక ఎంతమంది మంచి పిల్లలు "నేను ఎమర్జెన్సీకి పనికిరాను" అనుకుని ఏడుస్తూ వెళ్లిపోయారో చూశాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

రద్దీకి కారణం జ్వరాలూ దగ్గులూ అని సీనియర్లు మీకు చెప్తారు. ఆ మాట నమ్మకండి. డెంగీ రోజుల్లో జ్వరాలవాళ్లు వరుస కడతారు, నిజమే. కానీ వాళ్లు కుర్చీలో కూర్చుంటారు, ప్లేట్‌లెట్ కౌంట్‌కు రక్తం ఇచ్చి మందు రాయించుకుని వెళ్తారు. మంచం వాళ్లతో నిండదు. పైగా సైటులో కూలిపని చేసేవాడికి, గార్మెంట్ ఫ్యాక్టరీలో కుట్టే అమ్మాయికి ఓపీ వేళల్లో సెలవు ఎవరిస్తారు? రాత్రే వస్తారు. "ఈ మాత్రానికి ఎమర్జెన్సీకా?" అనే మాట మీ నోట రానివ్వకండి. అది రోగికి అవమానం, మీకేమో అలవాటైపోతుంది.

మరి ఇలా ఆగిపోయిన రోగులను ఏం చేయాలి? డ్యూటీ ఎక్కగానే వాళ్లెవరో విడిగా రాసుకోండి. అందరి కళ్లూ తలుపు వైపే ఉంటాయి, కొత్తగా వచ్చేవాడి మీదే. పొద్దున వచ్చినవాడి రెండో డోసు యాంటీబయాటిక్, ఇన్సులిన్, పక్కకు తిప్పి పడుకోబెట్టడం, చివరికి భోజనం కూడా, ఇవే మరుగున పడతాయి. మొదటి డోసు ఎమర్జెన్సీలో ఇచ్చారు కదా, రెండోది వార్డువాళ్లు ఇస్తారులే అనుకుంటారు. ఆ మనిషి వార్డుకే వెళ్లలేదు! అడ్మిషన్ నిర్ణయం ఎన్ని గంటలకు అయిందో కేస్ షీట్‌లో రాయండి. మంచాలు కేటాయించే బెడ్ మేనేజర్‌కు ఫోన్ చేసిన ప్రతిసారీ టైమూ, ఆయన చెప్పిన జవాబూ రాయండి. యాజమాన్యంతో నోటిమాటగా మొరపెట్టుకుంటే నడవదు. నెల రోజుల టైములు కాగితం మీద పెడితే డిశ్చార్జ్‌లు పొద్దున్నే చేయించే ఆలోచన వాళ్లే చేస్తారు. నేను పనిచేసిన ఒక చోట అలాగే జరిగింది.

ఇక అటెండర్లు, అంటే రోగి వెంట వచ్చినవాళ్లు. ట్రయాజ్‌లో, అంటే ఎవర్ని ముందు చూడాలో తేల్చే చోట, ప్రమాదాన్ని బట్టి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ అని మనం విడదీస్తాం. కానీ ఆకుపచ్చలో ఉన్నవాడికి ఆ సంగతి ఎవరూ చెప్పరు. తనకంటే వెనక వచ్చినవాణ్ని లోపలికి తీసుకుపోతుంటే వాడికి కనిపించేది అన్యాయమే. "వాళ్లకు గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది, మీ నాన్నగారికి ప్రస్తుతానికి ఆ భయం లేదు, రక్తపరీక్ష రావడానికి గంటన్నర పడుతుంది" అని చెప్పి చూడండి. గంటన్నర అయ్యాక రిపోర్టు రాకపోయినా వెళ్లి "ఇంకా రాలేదు" అని చెప్పండి. ఎదురుచూడటం కంటే, ఎవరూ వచ్చి పలకరించకపోవడమే జనాన్ని రెచ్చగొడుతుంది. మనవైపు నుంచి వచ్చేవాళ్లు ఒక బొలేరోలో ఊరంతా దిగుతారు. అందరికీ జవాబు చెప్పబోతే తెల్లారుతుంది. వాళ్లలో పెద్దమనిషి ఎవరో కనుక్కుని "పెద్దాయనా, ఏదున్నా మీకే చెప్తాను, మీరు వాళ్లకు చెప్పండి" అనండి. ఆ గౌరవం ఆయన నిలబెట్టుకుంటాడు.

మన భాష ఇక్కడ పెద్ద ఆసరా. అనంతపురం, చిత్తూరు జిల్లాలవాళ్లే కాదు, కోలారు, ముళబాగిలు, చింతామణి, పావగడ వైపు కూడా తెలుగు మాట్లాడేవాళ్లు చాలామంది. "ఏమైంది నాయనా?" అనగానే సగం గొంతు తగ్గుతుంది. అలాగని మీ వాళ్లని చెప్పి వరుస తప్పించకండి, డాక్టరు చెప్పాల్సిన మాట మీరు చెప్పకండి. సంతకం పెట్టించే ముందు డాక్టరే వివరించాలి, మీరు తెలుగులో వినిపించండి. కన్నడం మాత్రం మొదటి నెలలోనే పట్టుకోండి. "ఎల్లి నోవిదె?" (నొప్పి ఎక్కడ?), "యావాగినింద?" (ఎప్పటినుంచి?), "వాంతి ఆయ్తా?" (వాంతి అయిందా?), "యావ మాత్రె తగొళ్తీరా?" (ఏ మాత్రలు వేసుకుంటారు?) ఈ నాలుగింటితో రోగి జబ్బు చరిత్ర సగం వచ్చేస్తుంది. స్టేషన్ దగ్గర సీనియర్లు మలయాళంలో మాట్లాడుకుంటుంటే మీకు ఒంటరిగా అనిపిస్తుంది. వాళ్ల ముచ్చట్లు వాళ్లవి, పట్టించుకోకండి. డ్యూటీ మారేటప్పుడు రోగులను అప్పజెప్పే హ్యాండోవర్ మాత్రం అందరికీ అర్థమయ్యే భాషలో కావాలని మర్యాదగా పట్టుబట్టండి, అది రోగి ప్రాణానికి సంబంధించింది.

డబ్బు దగ్గర మనసు ఎక్కువ విరుగుతుంది. అత్యవసరంలో ఉన్న మనిషికి ముందు వైద్యం చేయాలి, మిగతా లాంఛనాలు తర్వాతేనని పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. కర్ణాటకలో ప్రైవేటు ఆసుపత్రుల చట్టానికి 2017లో చేసిన సవరణ ప్రకారం అత్యవసరంలో అడ్వాన్సు కోసం పట్టుబట్టకూడదు. కాబట్టి "ముందు కట్టించమ్మా" అని ఎవరైనా మీతో చెప్పిస్తుంటే, డబ్బు సంగతి బిల్లింగ్ వాళ్లు మాట్లాడాలని చెప్పండి. సూది పట్టిన చెయ్యి రసీదు అడగకూడదని నా గట్టి నమ్మకం. పక్షవాతం వచ్చిన మనిషికి రక్తపు గడ్డ కరిగించే మందు లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. ఆ టైము బిల్లింగ్ కౌంటర్ దగ్గర కరిగిపోకూడదు.

మన ఊళ్లవాళ్లు ఆరోగ్యశ్రీ కార్డు చేతిలో పట్టుకుని వస్తారు. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దాన్ని బెంగళూరు, చెన్నై, హైదరాబాద్‌లకు విస్తరించింది, ఇప్పుడు అది ఎన్టీఆర్ వైద్యసేవ. కానీ ఎంపిక చేసిన ఆసుపత్రుల్లో, ఎంపిక చేసిన చికిత్సలకే. మీ ఆసుపత్రికి ఆ ఒప్పందం ఉందో లేదో చేరిన వారంలోనే కనుక్కోండి. ఖర్చు భరించలేని కుటుంబానికి దారి చూపించడానికి ప్రభుత్వ సంస్థలు తెలిసుండాలి. గుండెకు జయదేవ, ఎముకలకు సంజయ్ గాంధీ, తలకు దెబ్బ తగిలితే నిమ్హాన్స్. పంపే ముందు ఫోన్ చేయించండి. పొట్టలో రక్తం కారుతున్న మనిషిని తల గాయం చూసి నిమ్హాన్స్‌కు పంపితే దారిలోనే ప్రాణం మీదికొస్తుంది.

పురుగుమందు తాగిన కేసుల గురించి విడిగా చెప్పాలి. విషం, కాలిన గాయాలు, ప్రమాదం, కొట్లాట, ఇవన్నీ ఎమ్మెల్సీ (పోలీసులకు తెలియజేయాల్సిన మెడికో లీగల్ కేసు) కిందికే వస్తాయి. "కేసు వద్దు సిస్టర్, ఆడపిల్ల, పరువు పోతుంది" అని తల్లి కాళ్లు పట్టుకుంటుంది. ఎమ్మెల్సీ ఆపే అధికారం మీకు లేదు, ఆపుతామని ఆశ పెట్టకండి. కానీ ఒక్క మాట చెప్పండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. ఇది వింటే చాలామంది నిజం చెప్తారు. కేసు భయంతోనే "ఏదో మాత్రలు మింగింది" అని అబద్ధం చెప్తారు, మనకు గంట పోతుంది. ఆర్గానోఫాస్ఫరస్ రకం పురుగుమందు అయితే విరుగుడుగా అట్రోపిన్ వెంటనే మొదలుపెట్టాలి. పారాక్వాట్ అనే కలుపుమందు అయితే దానికి విరుగుడే లేదు, మామూలుగా పెట్టేసే ఆక్సిజన్ కూడా ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. డబ్బా తెమ్మనండి, లేదా ఊరికి ఫోన్ చేసి ఫోటో తెప్పించమనండి. పొట్ట కడిగి తీసిన శాంపిల్ భద్రపరచండి, బట్టలు పారేయకండి.

చెయ్యెత్తేవాళ్లూ ఉంటారు. ఆసుపత్రి సిబ్బందిపై దాడులకు కర్ణాటకలో 2009 నుంచీ ప్రత్యేక చట్టం ఉంది. ఆ చట్టం మీ సాయానికి వచ్చేలోపు మిమ్మల్ని మీరు కాపాడుకోవాలి. గోడకూ మంచానికీ మధ్య ఇరుక్కుని నిలబడకండి, తలుపు వైపే ఉండండి. చెడువార్త చెప్పేటప్పుడు డాక్టరు పక్కన ఇంకొకరు ఉండాలి. ఏం జరిగినా ఆ డ్యూటీ దిగకముందే రాసివ్వండి, మర్నాడు రాస్తే విలువ ఉండదు.

ఇప్పుడు మారాలా అన్న ప్రశ్న. రాసిచ్చినవి చదివే పెద్దలున్న చోట ఒక ఏడాది ఉండండి, అక్కడ నేర్చుకున్నది ఏ వార్డూ నేర్పదు. రాసిచ్చినా పలకని చోటైతే ఎమర్జెన్సీని వదలకండి, ఆ ఆసుపత్రిని వదలండి. కొత్త చోట ఇంటర్వ్యూలో మీరూ అడగాలి: రాత్రి డ్యూటీలో నర్సుకు ఎంతమంది రోగులు, ఐసీయూ మంచం దొరకని రోగిని చూడటానికి పైనుంచి నర్సును పంపుతారా, తలుపు దగ్గర సెక్యూరిటీ రాత్రంతా ఉంటారా, డ్యూటీ దిగాక హాస్టల్‌దాకా బండి ఉందా. కర్ణాటక నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ కాగితాలు, మన రాష్ట్రం నుంచి తెచ్చుకోవాల్సిన ఎన్ఓసీ ముందే సిద్ధం చేసుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు మా దగ్గర పెట్టి వెళ్లండని ఎవరైనా అంటే జిరాక్సులు ఇచ్చి, ఒరిజినల్స్ చూపించి వెనక్కి తీసుకోండి.