రాసే మనిషిని పెట్టుకునే ముందు

కర్నూలు

అమ్మీ,

కొర్రలు, సామలు, గానుగ శనక్కాయ నూనె ఆన్‌లైన్‌లో అమ్మబోతున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మన ఇంట్లో ఒక ఆడపిల్ల తన సొంత పేరు మీద వ్యాపారం రిజిస్టర్ చేయించుకోవడం నీతోనే మొదలు. వినగానే కడుపు నిండింది. అంతలోనే మీ అమ్మ, "వెబ్‌సైట్‌కు రాసే మనిషి కూడా దొరికాడంట వదినా, రెండు రోజుల్లో అన్ని పేజీలూ ఇచ్చేస్తాడంట, చాలా చవకంట" అనింది. అప్పటి నుంచి మనసు మనసులో లేదు. ఫోన్లో చెబితే "సరే అత్తా, సరే అత్తా" అని పెట్టేస్తావు. అందుకే కాగితం మీద రాస్తున్నా.

తెలిసిన సంగతులు ముందు చెప్పేస్తాను. ఇంతకుముందు రాసినవి చూపించమను. రేటు మాటకింతా పేజీకింతా, ఎన్నిసార్లు దిద్దిస్తారు, ఏ తేదీకి ఇస్తారు, అడ్వాన్స్ ఎంత, ఇవన్నీ ఒకే వాట్సాప్ మెసేజ్‌లో పెట్టి "సరే" అనిపించుకో. ఇంత మాత్రం నీకూ తెలుసు.

మనిషిని ఎంచుకోవడం దగ్గరే అసలు సంగతి. మీ మామ, నేను అనంతపురంలో టవర్ క్లాక్ దగ్గర ప్రెస్ నడిపిన రోజుల్లో, రిటైరైన తెలుగు పండితుడొకాయన మా దగ్గర కూర్చుని అంగళ్ళవాళ్ళకు కరపత్రాలు రాసిచ్చేవాడు. కలం పట్టకముందు ప్రశ్నలే ప్రశ్నలు. సరుకు ఎక్కడి నుంచి తెస్తావు? ఎవరు కొంటారు? నీతో గొడవపడి పోయినవాడు ఏమని పోయాడు? ఆ చివరి ప్రశ్నకు బట్టల అంగడివాళ్ళకు కోపం వచ్చేది. కానీ మరుసటి పండక్కి మళ్ళీ ఆయన కోసమే వచ్చేవాళ్ళు. నీకు దొరికిన మనిషి నిన్ను ఇప్పటిదాకా ఒక్క ప్రశ్నయినా అడిగాడా? గానుగ చెక్కదా ఇనుపదా, కాయ ఏ రకం, నూనె ఎన్నాళ్ళు నిలవ ఉంటుంది, ఏదైనా? అడగకపోతే వదిలేయ్. ఏమీ అడగకుండా రాసేవాడు నెట్‌లో ఉన్నదే తిప్పి రాస్తాడు, లేకపోతే చాట్‌జీపీటీతో రాయించి ఇస్తాడు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అన్నప్పటి నుంచి అందరి పేజీల్లోనూ అవే నాలుగు మాటలు. వాటికి నువ్వు డబ్బులు పెట్టనక్కర్లేదు.

ముందు ఒక్క సరుకు మీద రాయించు, కొర్రల మీదే. దానికి డబ్బులివ్వు, ఉచితంగా అడగకు. ఒక కిలో పంపి వండుకుని తినమను. వండినవాడైతే ఎంతసేపు నానబెట్టాలో, నీళ్ళు ఎన్ని పోయాలో తనంతట తనే రాస్తాడు. తిననివాడు "అద్భుతమైన పోషకాల గని" అని రాస్తాడు.

ఇప్పుడు ఒక సంగతి చెప్తాను. మీ నాయన నీకు ఎప్పుడూ చెప్పి ఉండడు.

నాయన పాతూరులో అంగడి పెట్టిన కొత్తల్లో నువ్వు చిన్నదానివి. కొర్రలు కొనేవాళ్ళే లేరు. కొర్రన్నం పేదవాళ్ళ తిండి అని అందరూ సన్నబియ్యానికి మళ్ళిన కాలం. అప్పుడు పక్క ఊరి నుంచి ఒకాయన వచ్చి, కరపత్రం నేనే రాసి నేనే అచ్చు వేయించి ఇస్తానన్నాడు. మా ప్రెస్‌లో వేస్తే నేను డబ్బులు తీసుకోనని మొహమాటపడి, మీ నాయన మాకు చెప్పలేదు. "బాగా రాయండి, జనం రావాలి" అన్నాడంట. అంతకుమించి ఒక్క మాట చెప్పలేదు. ఆ మనిషి అంగట్లో కొర్రలు చేత్తో పట్టి కూడా చూడలేదు. కట్టలు వచ్చాయి, రంగు బాగుందని మురిసిపోయి, చదవకుండానే పేపర్ పిల్లల చేతికిచ్చి ఇంటింటికీ పంచించాడు. అందులో ఏముందో తెలుసా? నలభై రోజులు కొర్రన్నం తినండి, షుగర్ మాత్రలు పారేయండి అని.

అమ్మకం పెరిగింది. మీ అమ్మ ఓళిగలు చేసి మాకు పంపింది కూడా. తర్వాత కొన్నాళ్ళకు, రోజూ అంగడికి వచ్చే ఒక పెద్దామెకు కాలి పుండు మానలేదు. ఆమె నిజంగానే మాత్రలు ఆపేసింది. షుగర్ బాగా పెరిగిపోయింది. ఆస్పత్రిలో రెండు వేళ్ళు తీసేశారు. ఆమె కొడుకు అంగడికొచ్చి అరవలేదు, తిట్టలేదు. ఆ కరపత్రం బల్ల మీద పెట్టి, "ఇది మీరే రాశారా అన్నా?" అని అడిగాడు. కింద అంగడి పేరు ఉంది. నేను కాదని ఎట్లా అంటాడు? రాసినాయనకు ఫోన్ చేస్తే, "మీరు ఒప్పుకున్నాకే కదా వేసింది" అన్నాడు. అంతే, మళ్ళీ ఫోన్ ఎత్తలేదు. ఆస్పత్రి ఖర్చుకు మీ అమ్మ గాజులు అమ్మారు. ఆ తర్వాత మీ నాయన అంగడి గురించి ఎక్కడా ఒక్క అక్షరం రాయించలేదు. వెబ్‌సైట్ అని నువ్వు చెప్పినప్పుడు ఆయన మాట్లాడకుండా లేచి వెళ్ళిపోయాడని బాధపడ్డావట కదా. అది నీ మీద కోపం కాదు తల్లీ.

అందుకే, నీ రైటర్ ఎంత గొప్పవాడైనా సరే, ప్రతి వాక్యం నువ్వు చదవందే పేజీ ఎక్కనివ్వకు. తెల్లబియ్యం కంటే కొర్రల్లో పీచు ఎక్కువ అని రాయవచ్చు, అది నిజం. షుగర్ తగ్గిస్తుంది, క్యాన్సర్ రాదు అని రాయకూడదు. తిండి సరుకు జబ్బు నయం చేస్తుందని చెప్పుకోకూడదని తిండి సరుకుల నాణ్యత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018లోనే నిబంధనలు పెట్టింది. 2019 వినియోగదారుల చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు పది లక్షల దాకా జరిమానా వేయవచ్చు. రాసింది ఎవరైనా, అమ్మేది నువ్వు కాబట్టి నిన్నే అడుగుతారు. "ఆర్గానిక్" అనే మాట కూడా రైటర్లు అలవాటుగా రాసేస్తుంటారు. పంట ఆర్గానిక్ అని ధ్రువీకరించే ఎన్‌పీఓపీ గానీ పీజీఎస్ గానీ సర్టిఫికెట్ చేతికొచ్చేదాకా ఆ మాట తీసేయించు. రాసేది మొదలుపెట్టకముందే "ఇవి రాయకూడదు" అని ఒక కాగితం ఇచ్చేయ్, ఆ మనిషికీ సుళువు.

ఇంకొకటి, దీన్ని చాలామంది పట్టించుకోరు. నువ్వు డబ్బులిచ్చినంత మాత్రాన ఆ రాత నీది అయిపోదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఉద్యోగి తన పనిలో భాగంగా రాసింది మామూలుగా యజమానిది. బయటి మనిషి రాసింది మాత్రం, సంతకం పెట్టి నీకు రాసిచ్చేదాకా ఆ మనిషిదే. ఎన్నేళ్ళకని రాసుకోకపోతే ఐదేళ్ళకే వర్తిస్తుంది. ఏ ప్రాంతానికని రాయకపోతే మన దేశం వరకే. నూనె అమెరికాలో ఉన్న మనవాళ్ళకు కూడా పంపాలని ఉందన్నావు కదా. అందుకని అన్ని దేశాలకూ, పూర్తి కాలానికీ అని ఒక పేజీ రాయించుకో. మీ ఊళ్ళో వకీలు ఎవరైనా అరగంటలో రాసిస్తారు.

డబ్బుల దగ్గర గట్టిగా చెప్తున్నా. బేరం మొదట్లోనే ఆడు, రాసి ఇచ్చాక ఆడకు. నువ్వు చిన్నప్పటి నుంచి గీసి గీసి బేరమాడతావు, అది నాకు ముద్దే, సంతలో పనికొస్తుంది. కానీ మా పండితుణ్ణి బాకీ కోసం ఎండలో నెలల తరబడి తిప్పిన అంగళ్ళు నేను కళ్ళారా చూశాను. రాసిన మాట బరువు కనపడదు కాబట్టి దానికి డబ్బులివ్వడం దండగ అనిపిస్తుంది జనాలకు. నువ్వు అట్లా చేయవద్దు. పని నచ్చితే బాకీ ఆ రోజే ఫోన్‌పేలో కొట్టేయ్. అప్పుడు పండగ ముందు రోజు రాత్రి అడిగినా ఆ మనిషి నీకు రాసిస్తాడు.

మొదటి పేజీ తయారయ్యాక స్నేహితులకు పంపకముందే ప్రింట్ తీసి మీ నాయనకివ్వు. కళ్ళజోడు పెట్టుకుని చదువుతాడు, నెమ్మదిగా చదువుతాడు, తొందరపెట్టకు. కొన్ని వాక్యాలు కొట్టేస్తాడు. వాదించకు. ఆయన ఉంచినవి వెబ్‌సైట్‌లో పెట్టు.

ఆశీస్సులతో,
మీ అత్త