బ్రూనో మోకాలి గురించి చినబాబుకి

చిరంజీవి చినబాబుకి పెదనాన్న దీవించి రాసేది.

నీ కుక్క బ్రూనోకి మోకాలి లిగమెంట్ తెగితే ఆపరేషన్ చేయించావనీ, సెలవు పెట్టి దాన్ని కొత్తపేట తెచ్చి నువ్వే చూసుకుంటావనీ మీ అమ్మ చెప్పింది. ఎంత సంతోషమేసిందో! వెంటనే ఇంటి ముందున్న కాలువ గుర్తొచ్చి టెన్షన్ పట్టుకుంది.

కుట్లు నాకకుండా మెడకి గరాటులాంటి కాలర్ ఉంచు. మందులు టైముకి వెయ్యి. ఇవి నీకు తెలిసినవే.

నా భయమంతా నాలుగో వారం గురించి. అప్పటికి కాలు మోపేసి, తోకూపుతూ గేటు దగ్గర నిలబడుతుంది. నమ్మకు. ఎముక కోసి ప్లేటు వేశారు కదా, అతకడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది. నొప్పి మాత్రం ముందే పోతుంది.

మీ నాన్న చిన్నప్పుడు పెంచిన మోతీ సంగతి నీకెవరూ చెప్పి ఉండరు. పంటు పడవ మీంచి రేవులోకి దూకి వెనక్కాలు కుంటింది. నేనప్పుడే పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేరాను. మన వైపు ఈ ఆపరేషన్లు లేవు, కట్టేసి ఉంచమన్నారు డాక్టరుగారు. రాత్రిళ్లు అది మూలుగుతుంటే మీ నాన్న తట్టుకోలేక, నానమ్మ కాళ్లనొప్పుల బిళ్లలు విరిచి బెల్లంలో పెట్టి మింగించాడు. ఎవరికీ చెప్పలేదు. కుంటడం తగ్గింది. వాడి సంబరం చూడాలి! గొలుసు విప్పేశాడు. గట్టు మీద బాతులు కనబడగానే మోతీ ఒక్క ఉరుకు ఉరికింది. దాని అరుపు వంటింట్లోకి వినబడింది. ఆ సాయంత్రం వాంతులు, నల్లటి విరేచనాలు. మనుషుల బిళ్లలు కడుపులో పుండు చేశాయి. బతికింది గానీ ఆ కాలు మళ్లీ సరిగ్గా మోపలేదు. బరువంతా రెండో కాలి మీద పడి, తర్వాత ఆ మోకాలూ పోయింది. పిల్లాడు రోజులతరబడి అన్నం ముట్టలేదు. వాణ్ణి నేను ఒక్క మాటా అనలేదు, ప్రేమకొద్దీ చేశాడు. నువ్వూ వాడి కొడుకువే కాబట్టి గట్టిగా చెబుతున్నాను: డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, పారాసిటమాల్, ఇంట్లో ఉన్న ఏ బిళ్లా దాని నోటిదాకా వెళ్లకూడదు. మూలిగితే డాక్టరుకి ఫోన్ చెయ్యి, అర్ధరాత్రైనా సరే.

హాల్లో టైల్స్ జారతాయి. అంబాజీపేట నుంచి కొబ్బరిపీచు పట్టాలు తెప్పించి పరిపిస్తాను. గోళ్లు కత్తిరించు. మెట్లు, మంచాలు ఎక్కనివ్వకు. బయటికి చిన్న తాడుతోనే, ఐదేసి నిమిషాలు. డాక్టరు పెంచమంటేనే పెంచు. కాలువలో ఈదిస్తే మంచిదని ఊళ్లో అందరూ చెబుతారు. ఈత మంచిదే, కానీ గాయం మాని డాక్టరు సరేనన్నాక. ఆ పాకుడు పట్టిన రేవులో మాత్రం ఎప్పటికీ వద్దు.

ఒళ్లు రానివ్వకు నాన్నా, చేత్తో తడిమితే పక్కటెముకలు తగలాలి. మీ పెద్దమ్మ నెయ్యన్నం కలపకుండా నేను కాపలా ఉంటాను. చేపనూనె కీళ్లకి మంచిది, మోతాదు డాక్టర్ని అడుగు. ఆ మాట విని పులస ముక్క వేసేస్తుందేమో, ఆ ముళ్లతో ప్రాణం మీదికొస్తుంది.

ఒక మోకాలి లిగమెంట్ తెగిన కుక్కల్లో చాలావాటికి రెండోదీ తెగుతుంది. రోజూ ఆ కాలు కూడా చూస్తుండు.

గేటుకి కొత్త గొళ్లెం రేపే వేయిస్తున్నాను. ఎక్స్‌రే ఎప్పుడో రాయి, ఆ రోజుకి కారు మాట్లాడతాను. నేనూ వస్తాను.

మీ పెదనాన్న