డాక్టర్ సలహా: కువైట్‌లో కాగితాల్లేని అమ్మకు కాలి పుండు... ఆస్పత్రికి వెళ్తే పట్టుకుంటారా?

ప్రశ్న: మాది కోనసీమ, రాజోలు దగ్గర పల్లెటూరు. అమ్మకు 47 ఏళ్ళు. 2017లో ఇంటి పనికి కువైట్ వెళ్ళింది. నెలల తరబడి జీతం ఇవ్వకపోవడంతో 2021లో సేటు ఇంటి నుంచి బయటికి వచ్చేసింది. పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరే ఉండిపోయింది. అకామా (అక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి) అయిపోయింది. ఇప్పుడు ఖల్లివల్లిగా, అంటే కాగితాల్లేకుండా, ఫర్వానియాలో ఒక రూములో మరో నలుగురితో ఉంటూ ఇళ్ళల్లో పనికి వెళ్తోంది. ఎనిమిదేళ్ళుగా షుగర్ ఉంది. ఊరి నుంచి వెళ్ళేవాళ్ళతో మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ మాత్రలు పంపుతుంటాం. మూడు వారాల కింద కుడికాలి బొటనవేలి కింద, అరికాలిలో పుండు పడింది. నొప్పి పెద్దగా లేదంటుంది. ఇప్పుడు కాస్త వాసన వస్తోందట. రూములో ఆవిడ మిషన్‌తో చూస్తే షుగర్ 310 ఉంది. ఆస్పత్రికి వెళ్తే పోలీసులకు పట్టిస్తారని భయపడుతోంది. ఫోటో పంపుతున్నాను. ఏ యాంటిబయాటిక్ పంపమంటారు? వెనక్కి వస్తే ఇక్కడ వైద్యం అందుతుందా? రైస్ కార్డులో అమ్మ పేరు తీసేశారు.

సలహా: అమ్మా, ఫోటో చూశాను. ఇక్కడి నుంచి యాంటిబయాటిక్ పంపకండి. అది చేరేసరికి ఎన్ని రోజులవుతుందో మీకు తెలుసు. ఎవరో ఒకరు ప్రయాణం పెట్టుకోవాలి, పచ్చళ్ళతో పాటు పార్శిల్ కట్టాలి, ఆ మనిషి దిగాక మీ అమ్మగారికి సెలవు దొరకాలి. ఈ పుండుకు అంత వ్యవధి లేదు. ఒకటి రెండు రోజుల్లో ఒక డాక్టరు దాన్ని చేత్తో తాకి చూడాలి.

నొప్పి లేదన్నారే, నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఆ మాటే. షుగర్ ఏళ్ళ తరబడి అదుపులో లేకపోతే కాలి నరాలు మొద్దుబారతాయి. మామూలు మనిషైతే అరికాలిలో పుండు పడ్డ రెండో రోజుకే కుంటుతూ కూర్చుండిపోతాడు. వీళ్ళు దాని మీదే నడుస్తారు. పైగా ఆవిడ చేసే పని చూడండి. క్లోరాక్స్ (బ్లీచింగ్ మందు) నీళ్ళలో నిలబడి బాత్రూములు కడగడం, వేసవిలో కాలిపోయే గచ్చు మీద నడవడం, తడి చెప్పులతో గంటలు గంటలు తిరగడం. ఆ కాలికి విశ్రాంతి ఎక్కడిది? వాసన వస్తోందంటే లోపల చీము పట్టిందనే అనుకోవాలి. పైకి రూపాయి బిళ్ళంత కనిపించే పుండు లోపల ఎముక దాకా పోయి ఉండొచ్చు. చచ్చిన చర్మాన్ని కోసి తీసి శుభ్రం చేయాలి, ఎముక సంగతి తేలడానికి ఎక్స్‌రే తీయాలి, పాదానికి రక్తం సరిగా వస్తోందో లేదో నాడి పట్టి చూడాలి, ధనుర్వాతం ఇంజెక్షన్ అవసరమైతే వేయాలి. ఇవేవీ మాత్రలతో అయ్యే పనులు కావు. ఉత్త మాత్రలు మింగితే రెండు రోజులు పైపైన తగ్గినట్టు ఉండి, లోపల పాకుతూనే ఉంటుంది.

కిందటేడాది నా దగ్గరికి ఇలాగే గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన ఒకావిడ వచ్చింది. అక్కడ రెండు నెలల పాటు రూములోనే పసుపు, కొబ్బరినూనె పెట్టుకుంటూ గడిపింది. పండక్కి ఎలాగూ వెళ్తున్నా, అప్పుడే చూపించుకుంటాలే అనుకుందట. వచ్చేసరికి రెండు వేళ్ళు నల్లబడి ఉన్నాయి. వేళ్ళు తీసేయక తప్పలేదు. ఆవిడ కూడా నొప్పి లేదనే చెప్పింది.

ఇక పోలీసుల భయం సంగతి. భయం ఉత్తిదేనని నేను చెప్పను. కువైట్‌లో ప్రభుత్వ క్లినిక్కులో మామూలుగా చూపించుకోవాలంటే బతాకా (అక్కడి గుర్తింపు కార్డు) అడుగుతారు. అది లేకపోతే ఫైలు తెరవరు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రం 112కి ఫోన్ చేస్తే అంబులెన్స్ వస్తుంది, పెద్దాస్పత్రి క్యాజువాలిటీలో ముందు చూస్తారు. కాగితాల ప్రశ్న ఆ తర్వాత వస్తుంది. అకామా లేదని, సేటు పారిపోయిందని కేసు పెట్టాడని తేలితే విషయం పోలీసుల దాకా వెళ్ళొచ్చు. అక్కడి నుంచి వేలిముద్రలు తీసుకుని దేశం పంపించేయొచ్చు. అలా పంపితే మళ్ళీ అక్కడ పని చేసుకునే దారి మూసుకుపోతుంది. ఇదంతా తెలిసే చెబుతున్నాను. జ్వరం, చలి వణుకు, పుండు చుట్టూ రెండు సెంటీమీటర్లకు మించి ఎరుపు, పాదం నుంచి పైకి పాకే ఎర్రటి చార, వేలు నల్లబడటం, వాంతులు, మగతగా ఉండటం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆలోచించకుండా 112. ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి ఎక్కితే మనిషే దక్కకపోవచ్చు.

ఈ లక్షణాలేవీ లేకపోతే ప్రైవేటు క్లినిక్ మొదటి మెట్టు. ఫర్వానియా, అబ్బాసియా, ఫహాహీల్ వైపు మన దేశం డాక్టర్లు, కేరళ నర్సులు ఉన్న క్లినిక్కులు చాలానే ఉన్నాయి. పాత బతాకా ఫోటో గానీ పాస్‌పోర్టు జిరాక్స్ గానీ ఉంటే డబ్బు కట్టించుకుని చూసేవాళ్ళు కొందరు దొరుకుతారు. బతాకా ఉన్న రూమ్మేట్ ఎవరైనా ముందే ఫోన్ చేసి, షుగర్ పేషెంట్, కాలి పుండు, అకామా అయిపోయింది అని దాచకుండా చెప్పి కనుక్కోవాలి. అక్కడికెళ్ళాక గుమ్మంలో నిలబడి బతిమాలుకోవడం కన్నా ఇది నయం.

ఒక్క పని మాత్రం చేయనివ్వొద్దు. ఇంకొకరి బతాకా మీద చూపించుకోవడం. రూముల్లో ఇది మామూలైపోయిందని మా పేషెంట్లే చెబుతుంటారు. దొరికితే ఇద్దరి మీదా కేసవుతుంది, అది ఒక సంగతి. డాక్టరుగా నా భయం వేరు. మీ అమ్మగారి షుగర్ బతాకా ఇచ్చినావిడ ఫైల్లో ఎక్కుతుంది, ఆవిడ బ్లడ్ గ్రూపు, ఆవిడకు పడని మందు మీ అమ్మగారివి అయిపోతాయి. రేపు ఇద్దరిలో ఎవరికి ఆపరేషన్ అవసరమైనా ఆ ఫైలునే నమ్ముతారు.

క్లినిక్‌తో పాటు అదే రోజు రెండో పని మొదలుపెట్టాలి. కువైట్‌లోని భారత రాయబార కార్యాలయానికి తెలియజేయాలి. చాలామంది ఎంబసీ అన్నా పోలీస్ స్టేషన్ అన్నా ఒకటే అనుకుంటారు. కాదు. అది మన ప్రభుత్వ ఆఫీసు, అకామా లేదని అక్కడ ఎవరూ అరెస్టు చేయరు. సేటు ఇళ్ళ నుంచి బయటికొచ్చిన ఆడవాళ్ళ కోసం అక్కడ ఆశ్రయం నడుస్తోంది. ఆపదలో ఉన్న మనవాళ్ళకు అత్యవసర వైద్యం, విమానం టికెట్ లాంటి వాటికి 2009లో పెట్టిన ప్రవాస భారతీయుల సంక్షేమ నిధి ఉంది. పాస్‌పోర్టు సేటు దగ్గరుంటే దాని బదులు ఒకసారి ప్రయాణానికి పనికొచ్చే కాగితం ఇస్తారు. మనవాళ్ళు ఔట్‌పాస్ అంటారే, అదే. పాస్‌పోర్టు లాక్కుని ఉంచుకోవడం కువైట్ చట్టం ప్రకారమే తప్పు. ఇంటి పనివాళ్ళ కోసం 2015లో వాళ్ళు చేసిన 68వ నంబరు చట్టం ఆ మాట చెబుతుంది. పనిమనిషికి వైద్యం చేయించే బాధ్యత యజమానిదేనని కూడా ఆ చట్టంలోనే ఉంది. జీతం ఎగ్గొట్టి, పాస్‌పోర్టు దాచుకున్న మనిషి కేసు పెడితే తప్పంతా మీ అమ్మగారిదే అయిపోతుంది చూడండి!

ఇక్కడి నుంచి మీరు చేయగలిగిందీ ఉంది. విదేశాంగ శాఖ వాళ్ళ మదద్ పోర్టల్‌లో కూతురిగా మీరే ఫిర్యాదు నమోదు చేయొచ్చు. పాస్‌పోర్టు నంబరు అడుగుతారు. పాత వీసా కాగితమో, ఏజెంటు ఇచ్చిన జిరాక్సో బీరువాలో వెతకండి. 1800113090 అనే టోల్‌ఫ్రీ నంబరులో విదేశాలకు పనికి వెళ్ళినవాళ్ళ సమస్యలు వింటారు. రాష్ట్రంలో ప్రవాసాంధ్రుల కోసం ఉన్న ఏపీఎన్ఆర్టీ సొసైటీ కూడా ఇలాంటి కేసుల్లో సాయం చేస్తుంది. ఆఫీసుల్లో పని జరగడానికి వారాలు పడుతుంది, నాకు తెలుసు. అందుకే క్లినిక్ పని ఎంబసీ పని అయ్యాక అని గానీ, ఇంటికొచ్చాక అని గానీ వాయిదా వేయొద్దంటున్నాను. అసలు జ్వరంతో, చీముతో ఉన్న మనిషిని విమానం ఎక్కించడమే మంచిది కాదు.

2024లో కువైట్ ప్రభుత్వం ఆమ్నెస్టీ, అంటే కాగితాల్లేనివాళ్ళు శిక్ష లేకుండా ఇంటికి వెళ్ళే అవకాశం, ఇచ్చింది. అప్పుడు ఎందుకు రాలేదని మీ అమ్మగారిని నిలదీయకండి. ఇంటి మీద అప్పు ఉన్నప్పుడు ఏ తల్లీ అంత తేలిగ్గా విమానం ఎక్కదు. ఖల్లివల్లి అంటే అరబ్బీ వాడుకలో ‘పోనీలే, వదిలేయ్’ అని అర్థమట. మనవాళ్ళకు ఆ పేరు ఎవరు పెట్టారో గానీ, ఆ మాట విన్నప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది.

క్లినిక్‌కు వెళ్ళేలోపు ఇవి చెప్పండి. కాచి చల్లార్చిన నీళ్ళతో పుండు కడిగి, మెత్తగా అద్ది, శుభ్రమైన గాజుగుడ్డ కట్టుకోవాలి, రోజూ మార్చాలి. పసుపు, సున్నం, కాఫీపొడి, నాటు ఆకులు వద్దు. వేడినీళ్ళలో కాలు పెట్టనే కూడదు, మొద్దుబారిన కాలికి బొబ్బ లేచినా తెలీదు. ఆ కాలి మీద బరువు మోపకూడదు. నాలుగు రోజులు పని మానమంటే జీతం పోతుందని అంటారు, నిజమే. కానీ అరికాలి పుండు తొక్కుతూ ఉంటే ఏ మందూ పని చేయదు. షుగర్ మాత్రలు వేళకు వేసుకోవాలి. గ్లిమెపిరైడ్ వేసుకుని భోజనం మానితే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. రంజాన్ నెలలో ఇళ్ళల్లో చాకిరీ ఎక్కువై అర్ధరాత్రి దాకా తినడానికి కుదరదు కాబట్టి అప్పుడు మరీ జాగ్రత్త. చేతిలో నాలుగు ఖర్జూరాలు ఉంచుకుని, చెమటలు పట్టి వణుకొస్తే వెంటనే తినాలి. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే మెట్‌ఫార్మిన్ ఆపి డాక్టరుకు చూపించుకోవాలి. 310 అంటే ఈ మాత్రలు చాలడం లేదని అర్థం. పుండు మానేదాకా ఇన్సులిన్ పెట్టమనొచ్చు. పెడితే కాదనొద్దని చెప్పండి.

పార్శిల్ పంపేటప్పుడు ఒక హెచ్చరిక. కాలి మంటలకని మన ఊళ్ళల్లో తేలిగ్గా రాసేసే ప్రీగాబాలిన్, నొప్పులకిచ్చే ట్రమడాల్, కోడీన్ ఉన్న దగ్గు మందు, నిద్ర మాత్రలు అస్సలు పంపకండి. అక్కడ వాటిని మత్తుమందుల లెక్కలో చూస్తారు. పాపం, మీ మాట కాదనలేక సంచిలో పెట్టుకున్న మనిషి జైలుకు వెళ్ళాల్సి వస్తుంది. షుగర్ మాత్రలైనా షీట్లు విడదీయకుండా, డాక్టరు చీటీతో, బిల్లుతో పంపండి. పూతరేకులు, కాజాలు ప్రస్తుతానికి మానేయండి.

ఇక రైస్ కార్డు. పీహెచ్‌సీలో షుగర్ పరీక్షకు, మాత్రలకు ఏ కార్డూ అక్కర్లేదు. అమలాపురం ఏరియా ఆస్పత్రిలో గానీ కాకినాడ జీజీహెచ్‌లో గానీ కాలికి ఆపరేషన్ అవసరమైనా కార్డు లేదని వెనక్కి పంపరు. ఎన్టీఆర్ వైద్యసేవ కింద ప్రైవేటు ఆస్పత్రికి వెళ్ళాలంటే మాత్రం కార్డు సంగతి ముందే కనుక్కోండి. పేరు తిరిగి చేర్చడానికి సచివాలయంలో దరఖాస్తు పెట్టాలి, ఆధార్‌తో ఈకేవైసీకి ఆవిడ స్వయంగా వేలిముద్ర వేయాలి. కాబట్టి ఆ పని ఆవిడ వచ్చాకే. ఆధార్ కార్డు, పాత రైస్ కార్డు జిరాక్సు ఇప్పుడే తీసి పెట్టుకోండి.

ఈ మాట మన ఊళ్ళకు వచ్చినవాళ్ళకూ వర్తిస్తుంది. భీమవరం వైపు చేపల చెరువుల మీద, రొయ్యల ప్లాంట్లలో పనిచేసే ఒడిశా, అస్సాం వాళ్ళు కూడా మీ అమ్మగారిలాగే కాగితం లేదని జ్వరం ముదిరేదాకా దాక్కుంటారు. ఆధార్ లేదన్న కారణంతో వైద్యం నిరాకరించకూడదని ఆధార్ సంస్థే 2018లో చెప్పింది. మీ వీధిలో అలాంటి కుటుంబం ఉంటే ఆశా కార్యకర్తకు చూపించండి.

మీ అమ్మగారు పని ముగించుకుని రూముకు చేరేసరికి అక్కడ రాత్రి పదవుతుంది, మనకు పన్నెండున్నర. ఇవాళ కాస్త మేలుకుని ఉండండి. ముందు జ్వరం ఉందా అని అడగండి, తర్వాత రెండు పాదాలూ పక్కపక్కన పెట్టి ఏది వేడిగా ఉందో రూమ్మేట్‌ను ముట్టుకుని చూడమనండి. రేపు పగటి వెలుతురులో, పుండుకు తగలకుండా పక్కన ఒక నాణెం పెట్టి ఇంకో ఫోటో తీయమనండి. అది నా కోసం కాదు. క్లినిక్‌లో డాక్టరుకు చూపించడానికి.