ఆకుపచ్చ గుర్తు ఉంటే నమ్మొచ్చా?

హోటళ్లలో పర్యావరణ ఆడిట్లు చేసే నిపుణురాలి జవాబులు

ప్రశ్న: మేడమ్, గది బుక్ చేసేటప్పుడు చాలా హోటళ్ల పేర్ల పక్కన ఆకు, భూగోళం లాంటి గుర్తులు కనిపిస్తున్నాయి. కాస్త ఎక్కువైనా సరే, పర్యావరణం పట్టించుకునే చోటే దిగాలని నాకుంటుంది. వీటిలో ఏది నిజమో ఎలా తెలుస్తుంది?
– ఒక పాఠకురాలు

జవాబు: గుర్తు కింద ఏదైనా సంస్థ పేరు, గడువు తేదీ ఉన్నాయేమో చూడండి. అవి లేవంటే హోటల్ వాళ్లు తమ గురించి తాము చెప్పుకుంటున్న మాటే అది. పేరుంటే ఆ సంస్థ వెబ్‌సైట్‌లో హోటల్ కోసం వెతకండి. గడువు దాటిన సర్టిఫికెట్‌ని రిసెప్షన్ గోడ మీద అలాగే ఉంచేవాళ్లు ఉన్నారు.

ఆ తర్వాత, బయటి మనిషి ఎవరైనా వచ్చి చూశారా అన్నది తెలుసుకోవాలి. బుకింగ్ డాట్ కామ్ ఒకప్పుడు హోటళ్లు తామే నింపిన వివరాలను బట్టి 'ట్రావెల్ సస్టెయినబుల్' గుర్తు ఇచ్చేది. అది వినియోగదారులను తప్పుదోవ పట్టించవచ్చని నెదర్లాండ్స్ ప్రభుత్వ వినియోగదారుల, మార్కెట్ల నియంత్రణ సంస్థ చెప్పడంతో 2024లో తీసేసింది. ఇప్పుడు బయటి సంస్థల సర్టిఫికెట్లనే చూపిస్తోంది. యూరోపియన్ యూనియన్‌లోనైతే 2026 సెప్టెంబర్ 27 నుంచి, సర్టిఫికేషన్ పద్ధతి గానీ ప్రభుత్వ సంస్థ గానీ వెనక లేని గుర్తులు వాడకూడదు. ఇది ఎప్పుడో రావాల్సిన నిబంధన.

గ్లోబల్ సస్టెయినబుల్ టూరిజం కౌన్సిల్ పేరు దగ్గర చాలామంది పొరబడతారు. అది నేరుగా ఏ హోటల్‌కీ సర్టిఫికెట్ ఇవ్వదు. ప్రమాణాలు రాస్తుంది, సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థలను పరిశీలిస్తుంది. ఒక ప్రమాణానికి కౌన్సిల్ 'గుర్తింపు' ఉందంటే, అందులో రాసిన నియమాలు సరిగ్గా ఉన్నాయని మాత్రమే. తనిఖీ చేసే సంస్థకు 'అక్రెడిటేషన్' ఉంటే, ఆ తనిఖీ జరిగే తీరును కూడా కౌన్సిల్ పరీక్షించిందన్నమాట. నేనైతే రెండోదానికే ఎక్కువ విలువిస్తాను.

లీడ్, ఎడ్జ్ అనే సర్టిఫికెట్లు వేరే రకం. వాటిని ఎక్కువగా కట్టడం చూసి ఇస్తారు. ఎడ్జ్ రావాలంటే మామూలు భవనం కంటే కరెంటు, నీళ్లు, నిర్మాణ సామగ్రి తయారీలో వెలువడే కార్బన్ కనీసం 20 శాతం చొప్పున తగ్గాలి. మంచిదే. కానీ ఎంత బాగా కట్టిన భవనంలోనైనా ఖాళీ గదుల్లో ఏసీలు నడిపితే ఆ డిజైన్ ఏం చేస్తుంది? గ్రీన్ కీ లాంటి సర్టిఫికెట్లు హోటల్ రోజూ నడిచే తీరును చూస్తాయి. గ్రీన్ కీ 1994లో డెన్మార్క్‌లో మొదలైంది.

ప్రశ్న: మాది చిన్న హోటల్. సర్టిఫికెట్ ఉందా అని ట్రావెల్ కంపెనీలు అడుగుతున్నాయి. ఫీజులు, ఫైళ్లు తలుచుకుంటేనే టెన్షన్. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక హోటల్ యజమాని

జవాబు: ఫైళ్లు తర్వాత, ముందు మీటర్లు చూడండి. లాండ్రీకి, వంటగదికి విడివిడిగా మీటర్లు పెట్టించండి. నెలనెలా ఒకే తేదీన రీడింగ్ రాయండి. వచ్చిన యూనిట్లను ఆ నెలలో అతిథులున్న గది-రాత్రుల (ఒక గది ఒక రాత్రి నిండితే ఒకటి) సంఖ్యతో భాగించండి. నేను ఆడిట్‌కి వెళ్లగానే అడిగేది ఈ లెక్కే. కరెంటు బిల్లు తగ్గిందని సంబరంగా చూపిస్తారు, తీరా చూస్తే ఆ నెల సగం గదులు ఖాళీ! గదులు ఖాళీగా ఉన్నా లిఫ్టు, వరండా దీపాలు, వేడినీళ్ల బాయిలర్ నడుస్తూనే ఉంటాయి కాబట్టి, బిల్లు తగ్గిన నెలలోనే ఒక్కో గదికి పడే వాటా పెరగొచ్చు.

తర్వాత నీళ్లు. షవర్ కింద బకెట్ పెట్టి, ఫోన్‌లో నిమిషం టైమర్ పెట్టి కొలవండి. యూరోపియన్ యూనియన్ ఇచ్చే పర్యావరణ గుర్తు 'ఎకోలేబుల్' ప్రకారం బాత్రూమ్ కుళాయిలు, షవర్ల సగటు నిమిషానికి 8.5 లీటర్లు దాటకూడదు. ఫ్లష్ ట్యాంకులో కొన్ని చుక్కల ఫుడ్ కలర్ వేసి కాసేపు వదిలేయండి. ఫ్లష్ చేయకుండానే రంగు కిందికి దిగితే లీకేజీ ఉన్నట్టే. ఏసీ గ్యాస్ ఎంత నింపించారో కూడా రాసిపెట్టండి. దీన్ని దాదాపు అందరూ మర్చిపోతారు. ఆర్-410ఏ గ్యాస్ ఒక్క కిలో గాల్లో కలిస్తే, వందేళ్ల లెక్కన, 2 టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్ వదిలినంత.

సలహాలూ ఇస్తాం, ఫైళ్లూ రాసిపెడతాం, సర్టిఫికెట్టూ మేమే ఇస్తాం అనేవాళ్ల జోలికి వెళ్లకండి. పరీక్షకు చదివించినవాళ్లే పేపర్లు దిద్దకూడదు. పైగా కొనుక్కున్న ఫైలు ఆడిట్‌లో నిలబడదు. నేను మేనేజర్‌ని పక్కన ఉండొద్దని చెప్పి హౌస్‌కీపింగ్ వాళ్లతో మాట్లాడతాను. ఈ క్లీనింగ్ ద్రావణం బకెట్‌కి ఎంత కలుపుతారు, చేతి తొడుగులు ఇస్తారా, ఓవర్‌టైమ్‌కి డబ్బులు వస్తాయా అని అడుగుతాను. మనుషుల్ని సరిగ్గా చూసుకోని చోట కరెంటు ఎంత ఆదా చేసినా నాకు తృప్తి ఉండదు. గ్లోబల్ సస్టెయినబుల్ టూరిజం కౌన్సిల్ ప్రమాణాల్లో కూడా ఉద్యోగుల హక్కులు, స్థానికులకు పని తప్పనిసరి అంశాలే.

పూర్తి సర్టిఫికెట్ ఇప్పుడే భారం అనిపిస్తే, వరల్డ్ ట్రావెల్ అండ్ టూరిజం కౌన్సిల్ 2022లో తెచ్చిన 'హోటల్ సస్టెయినబిలిటీ బేసిక్స్' చూడండి. అందులో 12 అంశాలే ఉంటాయి, మొదటి మెట్టుగా అది చాలు.

ప్రశ్న: తువ్వాళ్లు మార్చొద్దంటే కొక్కేనికి తగిలించమని కార్డు పెడతారు. తగిలించినా మార్చేస్తారు. ఎందుకు?
– ఒక పాఠకుడు

జవాబు: కార్డు రాసినవాళ్లు గది సర్దేవాళ్లకు చెప్పకపోవడం వల్ల. వాడిన తువ్వాలు కనిపిస్తే మాట పడాల్సి వస్తుందని భయపడి వాళ్లు మార్చేస్తారు. తప్పు పైవాళ్లది. గది ఖాళీ చేసేటప్పుడు ఈ సంగతి అభిప్రాయాల పుస్తకంలో రాయండి. ఆడిట్‌లో ఆ పుస్తకం కూడా తెరుస్తాం. ఫిర్యాదు వచ్చాక ఏం చేశారో చూపించమని అడుగుతాం.