ట్యాంకు కొలిచాకే చేప

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

ఆదివారం చెన్నైలోని కొళత్తూరు రంగుచేపల బజారుకు వెళ్లి, ఇంట్లో అద్దాల ట్యాంకులో పెంచడానికి ఆస్కార్, అరోవానా, షార్క్ అనే చేపలు తలా రెండు తెచ్చుకుంటానని రాశావు. ఇంట్లో మూడడుగుల ట్యాంకు ఉందన్నావు. బయల్దేరే ముందు ఇది చదువు.

కవర్లో నీకు కనపడేది పసిపిల్ల. రెండంగుళాల ఆస్కార్‌కు మేత సరిగ్గా పడితే ఏడాదిలో పదంగుళాల దాకా వస్తుంది, ఆపైన అడుగు పొడవుకు చేరుతుంది. షార్క్ అని అమ్మేది సొరచేప కాదు. మన గోదావరి జిల్లాల చెరువుల్లో కూరకు పెంచే పంగాసే అది. మూడడుగులు దాటుతుంది, బెదిరితే అద్దానికి గుద్దుకుని మూతి పగలగొట్టుకుంటుంది. దాన్ని, అలాగే భారీగా పెరిగే రెడ్‌టెయిల్ క్యాట్‌ఫిష్‌ను, అలిగేటర్ గార్‌ను ఇంటి ట్యాంకు లెక్కలోంచే తీసెయ్. ట్యాంకును బట్టే చేప పెరుగుతుందని ఎవరైనా అంటే నమ్మకు. ఇరుకులో ఎదుగుదల ఆగిందంటే మురికినీళ్లకు అది కుంగిపోతోందని అర్థం. నడుం వంకర పోతుంది, ఆయుష్షు తగ్గుతుంది.

ట్యాంకు అనగానే అందరూ పొడవే అడుగుతారు. నువ్వు వెడల్పు అడుగు, చేప వెనక్కి తిరిగేది అందులోనే. పెద్దయ్యాక చేప ఎంత ఉంటుందో, వెడల్పు కనీసం అంత ఉండాలి. పొడవు దానికి నాలుగింతలు. సిల్వర్ అరోవానా ట్యాంకులో కూడా రెండు, రెండున్నర అడుగులు పెరుగుతుంది. అంటే కనీసం 8 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు కావాలి. ఎత్తు రెండున్నర వేసుకుంటే 60 ఘనపుటడుగులు, 1,700 లీటర్లు. అద్దె ఫ్లాట్‌లో అంత బరువు పెట్టకూడదు, అరోవానా ఇప్పుడు వద్దు.

ఆస్కార్ ఒక్కదానికి 4×2×2 అడుగులు హాయిగా సరిపోతుంది. ఘనపుటడుగుకు 28 లీటర్ల చొప్పున 450 లీటర్లు. అద్దం, స్టాండు కలిపితే 550 కిలోలు దాటుతుంది కాబట్టి గది మధ్యలో కాదు, బీమున్న గోడ వారన పెట్టు. అద్దం మందం 10 మిల్లీమీటర్లకు తగ్గొద్దు. కింద అరంగుళం థర్మకోల్ పరచకపోతే స్టాండు ఎగుడుదిగుడుకు ట్యాంకు అడుగునున్న అద్దం చిట్లుతుంది.

తోడు చేపల విషయంలో నోటిని చూడు. ఆస్కార్ నోట్లో పట్టేదేదైనా దానికి మేతే. ముళ్లున్న చిన్న క్యాట్‌ఫిష్ మరీ ప్రమాదం, మింగబోతే ముల్లు గొంతులో దిగబడి రెండూ చస్తాయి. సిల్వర్ డాలర్ అనే చేప మంచి జోడీ. పళ్లెంలా గుండ్రంగా ఆరంగుళాలు ఎదుగుతుంది కాబట్టి నోట్లో పట్టదు. గుంపు చేప, ఐదింటికి తగ్గితే మూల దాక్కుంటుంది. రెండు ఆస్కార్లు, ఐదు డాలర్లు అనుకుంటే 6×2×2 కావాలి, అద్దం 12 మిల్లీమీటర్లు. అన్నీ చిన్నప్పుడే ఒకేసారి వెయ్. తర్వాత కొత్తది వేయాల్సొస్తే ముందు రాళ్లన్నీ చోటు మార్చి, లైటు ఆర్పి వదులు. పాతదానికి తన హద్దు గుర్తుండదు, వెంటపడి కొట్టడం తగ్గుతుంది. ఏ చేపనైనా వెంటపడి కొట్టే ఫ్లవర్‌హార్న్‌కు తోడే వద్దు.

నాచు తింటుందని సక్కర్ చేపను అంటగడతారు. అది అడుగున్నర దాకా పెరుగుతుంది, రాత్రిపూట పెద్ద చేపల ఒంటి జిగురును గీకి తింటుంది. చూడు, తెల్లారేసరికి పక్కల మీద తెల్లటి గుండ్రటి మచ్చలుంటాయి. పెద్దదైందని ఏ చెరువులోనూ వదలొద్దు. కోస్తా ఆంధ్ర చెరువుల్లో రైతుల వలలు చింపుతున్నది ఈ జాతే.

ఫిల్టరు గంటకు నీటిని నాలుగైదుసార్లు తిప్పాలి, 450 లీటర్లకు 2,000 లీటర్ల పంపు. చేప వేయకముందు నాలుగు నుంచి ఆరు వారాలు ఫిల్టరుకు చేపల మురికిని విరిచే మంచి బాక్టీరియా పట్టనివ్వు. నీళ్లు పరీక్షించే టెస్ట్ కిట్‌లో, ఆ మురికి నుంచి పుట్టే విషాలైన అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా రావాలి. వారానికి పాతిక శాతం నీళ్లు మార్చు. మెట్రో వాటర్ వాళ్ల కుళాయి నీళ్లయినా లారీ నీళ్లయినా, క్లోరిన్‌ను పోగొట్టే యాంటీక్లోరిన్ మందు కలిపాకే పోయి. మే నెలలో నీళ్లు 32 డిగ్రీలు దాటితే ఆక్సిజన్ తగ్గుతుంది, అదే సమయంలో కరెంటు పోతే పెద్ద చేపలే ముందు పోతాయి. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉంచుకో.

మూడడుగుల ట్యాంకు వృథా కాదు. ఫిల్టరు సిద్ధమయ్యాక రెండంగుళాల ఆస్కార్ ఒక్కటి తెచ్చి అందులో వెయ్. ఐదంగుళాలు వచ్చేలోపు నాలుగడుగులది చేయించి నీళ్లు నింపి ఉంచు. ఆ తర్వాత పాత ట్యాంకు కొత్త చేపలను మూడు వారాలు విడిగా ఉంచి చూడటానికి పనికొస్తుంది.

మీ మామయ్య